వెన్నెల కవితలు తెనిగిస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. చైనా వాళ్ల పంటల పండగ, అదే శరత్కాలపు పున్నమి పండగ గురించీ, ఆ వెన్నెల కవితల గురించీ బాగానే కష్టపడ్డావు. కాకపోతే మొదటి పేజీలోనే వెన్నెల వెండి జలపాతమైంది, పాలసంద్రమైంది, ముత్యాల వానైంది. మూడో పేజీకి వచ్చేసరికి నాకు చందమామ కనపడటం మానేశాడు.

ముందు ఒక తప్పు దిద్దుకో. ఎనిమిదో శతాబ్దపు కవి లి బై రాసిన 'ప్రశాంత రాత్రి'ని పండగ కవిత అన్నావు. అందులో పండగ లేదు. ఉన్నవి ఇరవై అక్షరాలు. మంచం ముందు వెలుగు, నేల మీద మంచు పడిందా అన్న అనుమానం, తలెత్తితే చంద్రుడు, తల దించితే సొంతూరు. అంతే. ఇవాళ అక్కడి పిల్లలు బళ్లో వల్లెవేసే పాఠంలో 'తేట' అన్న మాట రెండుసార్లు వస్తుంది. సాంగ్ రాజుల కాలపు (960-1279) పాత ప్రతుల్లో అది ఒక్కసారి కూడా లేదు. మొదటి పాదంలో వెన్నెలని 'చూస్తున్నాను' అని ఉంది, మూడో పాదంలో 'కొండ మీది చంద్రుడు' అని ఉంది. నాకు ఆ పాత పాఠమే ఇష్టం. కొండ అనగానే ఆ మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. చంద్రుడు తేటగా ఉంటాడని ఒకరు చెప్పాలా?

పండగ సంగతికి వద్దాం. వాళ్ల ఎనిమిదో నెల పదిహేనో రోజు, చాలా ఏళ్లు మన భాద్రపద పౌర్ణమే అవుతుంది. అధికమాసాల లెక్క వేరు కాబట్టి అప్పుడప్పుడు తప్పుతుంది, 2025లో ఆశ్వయుజ పౌర్ణమికి పడింది. పంటల పండగ అంటే ఏమిటో చెప్పడానికి నువ్వు రెండు పేజీల నిండా కృతజ్ఞత, సమృద్ధి, ప్రకృతి అని రాశావు. మెంగ్ యువాన్‌లావ్ ఏం చేశాడో చూడు. ఆయన సాంగ్ రాజధాని కైఫెంగ్‌లో బతికినవాడు. 1127లో ఆ ఊరు ఉత్తరాది నుంచి దండెత్తి వచ్చిన జుర్చెన్ల చేతుల్లోకి పోయింది, ఆయన దక్షిణాదికి వచ్చేశాడు. తన జ్ఞాపకాల పుస్తకానికి 1147లో ముందుమాట రాసుకున్నాడు. అందులో ఈ పండగ గురించి ఏముందంటే, దుకాణాలన్నీ కొత్త సారా అమ్మేవి, మధ్యాహ్నం దాటేసరికి ఎక్కడా చుక్క మిగిలేది కాదు, సారా ఉందని గుర్తుగా కట్టిన జెండాలు దించేసేవాళ్లు. పీతలు అప్పుడే వచ్చేవి. దానిమ్మలు, బేరిపండ్లు, రేగుపళ్లు, చెస్ట్‌నట్లు, ద్రాక్షలు కొత్తగా బజారుకి దిగేవి. కృతజ్ఞత అన్న మాట లేదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా సారా ఏ వేళకి అయిపోయేదో గుర్తుందంటే ఆ ఊరి మీద ఆయన బెంగ ఎంతటిదో నాకు తెలిసిపోయింది.

చంద్రబింబంలాంటి ఆ గుండ్రటి తీపి రొట్టెలని ఒకరికొకరు పంచుకోవడం మింగ్ రాజుల కాలానికి (1368-1644) గట్టిగా స్థిరపడింది. గుండ్రం అంటే ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడం. వాళ్ల భాషలో రెండింటికీ ఒకటే మాట. ఒకసారి సింగపూర్ నుంచి వచ్చిన పక్కింటివాళ్లు పెడితే బొబ్బట్టు లాంటిదేగా అని కొరికాను. తామరగింజల ముద్ద మధ్యలో ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు సొన! అదే పౌర్ణమి చంద్రుడట. నువ్వు రుచి చూడకుండానే 'మధురమైన' అని రాశావని నా అనుమానం.

ఇప్పుడు ఒక్క మాట పట్టించుకో. అందరూ చేరిన ఇంట్లోవాళ్లు రొట్టె కోసుకుని తింటారు. మనం ఇన్ని వందల ఏళ్లుగా చదువుకుంటున్న ఆ కవితలు రాసింది మాత్రం ఇంటికి చేరలేనివాళ్లు. 756లో కవి దు ఫు తిరుగుబాటుదారుల చేతికి చిక్కి రాజధాని ఛాంగాన్‌లో ఉండిపోయాడు. భార్యాపిల్లలు ఉత్తరాన ఫుజౌలో. (సముద్రం పక్కనున్న ఇప్పటి ఫుజౌ కాదు, నువ్వు అదనుకున్నావు.) ఆయన నెత్తిమీద ఉన్నది ఛాంగాన్ చంద్రుడు. దాని ఊసే ఎత్తలేదు. 'ఈ రాత్రి ఫుజౌ చంద్రుణ్ణి ఆమె ఒక్కతే చూస్తూ ఉంటుంది' అని మొదలుపెట్టాడు. పిల్లలు చిన్నవాళ్లు, ఛాంగాన్‌ని తలుచుకోవడమంటే ఏమిటో వాళ్లకింకా తెలీదు అన్నాడు. పొగమంచుకి ఆమె జుట్టు తడిసింది, వెన్నెలకి చేతులు చల్లబడ్డాయి. జుట్టు తడవాలంటే ఎంతసేపు బయట నిలబడాలో లెక్క వేసుకో. నువ్వు తెనిగించినప్పుడు 'తడిసిన' తీసేసి 'పరిమళించే కురులు' అని పెట్టావు. ఆమె నిలబడ్డ ఆ గంటలన్నీ పోయాయి.

సాంగ్ కాలపు కవి సు షి పాట దగ్గర మాత్రం నాకు కోపమే వచ్చింది. 1076 పండగ రాత్రి, తాను అధికారిగా ఉన్న మిజౌలో రాసింది. తమ్ముడు సు జె షాన్‌డాంగ్‌లో ఉన్నాడని, అతనికి దగ్గరవుదామని అడిగి మరీ ఆ వైపు పోస్టింగ్ వేయించుకున్నాడు. అయినా కలవడం కుదరలేదు. పాట పైన చిన్న ముందుమాట ఉంది: పండగనాడు తెల్లారేదాకా హాయిగా తాగి, బాగా మత్తెక్కి ఇది రాశాను, తమ్ముణ్ణి తలుచుకుంటూ కూడా. ఆ చివరి 'కూడా' కోసమే పాటంతా ఉంది. నువ్వు ముందుమాట మొత్తం ఎగరగొట్టి, 'వేల మైళ్ల దూరంలో ఉన్నా ఒకే వెన్నెల' అన్న చివరి పాదాన్ని గ్రీటింగ్ కార్డులా పైన తగిలించావు. దాన్ని మళ్లీ దాని చోట పెట్టు.

మరుసటి ఏడాది 1077లో అన్నదమ్ములిద్దరూ షుజౌలో కలిసి పండగ చేసుకున్నారు. అప్పుడు సు షి నాలుగు పాదాల పద్యం ఒకటి రాశాడు. ఈ రాత్రి ఎల్లకాలం ఇంత బాగుండదు, వచ్చే ఏడు ఈ చంద్రుణ్ణి ఎక్కడ చూస్తామో అంటాడు. ముందు అది తెనిగించి పంపు. అందులో ఆయన కూడా చంద్రుణ్ణి జేడ్ రాతి పళ్లెం అన్నాడు. ఆయన్ని వదిలేద్దాంలే, పక్కన తమ్ముడున్నాడు.

ఆశీస్సులతో.