క్లాసులో అందరితో పాటు మావాడూ నవ్వాడు

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి స్నేహితుడిది వేరే మతం. ఆ అబ్బాయి ఉపవాసం ఉన్న రోజు కొందరు "ఒక్క ముద్ద తింటే మీ దేవుడు చూస్తాడా?" అని ఏడిపిస్తుంటే మావాడూ నవ్వాడట. అప్పటి నుంచి ఆ అబ్బాయి మాట్లాడటం లేదు, వీడేమో లోలోపల కుమిలిపోతున్నాడు. నేనేం చెప్పాలి?
– ఒక తల్లి

జవాబు: దాచకుండా మీతో చెప్పాడు కదా, అందుకైనా తిట్టకండి. తప్పని వాడికి తెలుసు.

సారీ మాత్రం చెప్పాలి. "సరదాకి అన్నార్రా, దానికే ఫీలవుతావా" అంటే తప్పంతా మళ్లీ ఆ పిల్లాడి మీదకే నెట్టినట్టు. "ఆ రోజు నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది, సారీ" అని విడిగా చెప్పి ఊరుకోమనండి. వెంటనే కలిసిపోవాలని వెంటపడొద్దు.

మళ్లీ అలాంటిది జరిగితే అందరితో గొడవపడాలని నేననను, ఈ వయసులో క్లాసంతా ఒకవైపు ఉంటే ఎదురు మాట్లాడటం ఎంత కష్టమో మనకీ తెలుసు. నవ్వకుండా లేచి వెళ్లి ఆ అబ్బాయి పక్కన కూర్చుంటే చాలు.

అడిగే తీరు కూడా నేర్పండి. "మీవాళ్లు ఇలా ఎందుకు చేస్తారు?" అంటే పద్నాలుగేళ్ల పిల్లాడు మొత్తం మతం తరఫున సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. "ఉపవాసం రోజు నీకెలా ఉంటుంది?" అన్నది స్నేహితుడు అడిగే మాట. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయాలి.

టీచర్‌తో మాట్లాడితే ఉపన్యాసం పెట్టించమని మాత్రం అడగకండి. పిల్లలు ఒకే గదిలో కూర్చున్నంత మాత్రాన దగ్గరవరు, ఒకరికొకరు సమానంగా, ఒకే పని కోసం, పెద్దల అండతో కలిసి పనిచేస్తే అపోహలు తగ్గుతాయని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశాడు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాలున్న పిల్లలు కొత్తగా కలిసి చదువుతూ గొడవలు పడుతున్నప్పుడు, మరో మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్ వాళ్లను చిన్న గ్రూపులు చేసి, పాఠాన్ని ముక్కలుగా విడగొట్టి తలా ఒక ముక్క ఇప్పించాడు. పాఠం పూర్తిగా రావాలంటే పక్కవాడు చెప్పేది వినక తప్పదు! అక్కడి గొడవ మతం గురించి కాకపోయినా ఈ పద్ధతి మీ క్లాసుకీ పనికొస్తుంది.

ఏడిపించడం ఆగకపోతే, అదే పనిగా సాగుతుంటే, టీచర్‌కి మీరే చెప్పండి, ఎవరు చెప్పారో పిల్లలకి తెలియనివ్వొద్దని కూడా అడగండి.