సీసా అడుగున ఆఖరి మోతాదు

ప్రశ్న: అగాథా క్రిస్టీ తొలి నవల ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’లో రోజూ తాగే టానిక్కే ఒక రోజు ప్రాణం తీస్తుంది. ఇది జరిగే పనేనా?

జవాబు: జరిగే పనే. (నవల చదవనివారు ఈ జవాబు, దీని కిందది దాటేయండి. హంతకుడి పేరు మాత్రం చెప్పం.) ఆ కిటుకు కాంపౌండర్ల పాఠ్యపుస్తకంలో హెచ్చరికగా ఉన్నదే. విషముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్‌ని ఆ రోజుల్లో డాక్టర్లు రవ్వంత మోతాదులో బలం మందుగా రాసేవారు. దాని లవణం మిక్చర్లో కరిగి ఉన్నంతకాలం ప్రతి మోతాదులోనూ సమానంగా వస్తుంది. అదే సీసాలో బ్రోమైడ్ పడిందా, సరిగా కరగని స్ట్రిక్నిన్ బ్రోమైడ్ పుట్టి, సన్నని పలుకులుగా మెల్లగా అడుక్కి దిగుతుంది. పై మందు పలచబడుతుంది, ఆఖరి మోతాదులో విషమంతా ఒక్కసారే దిగుతుంది. బ్రోమైడ్ అప్పట్లో నిద్రమందు, ఇళ్లలోనే ఉండేది. చేదు పట్టిస్తుందేమో అంటారా, టానికే చేదు. హంతకుడికి ఒకటే గండం: ఎవరైనా తాగేముందు సీసా కుదిపితే పథకం చెడుతుంది.

మాకు నచ్చింది రసాయనం కన్నా అందులో దొరికే వ్యవధి. పొడి కలపడానికీ చావుకీ మధ్య రోజులు గడుస్తాయి. ఇక ఆ రాత్రి ఎవరెక్కడున్నారని ఎంత ఆరా తీసినా ఏం లాభం?

క్రిస్టీకి ఇవన్నీ తెలియడంలో వింత లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండ్‌లోని టార్కీ ఊరి ఆస్పత్రిలో నర్సుగా చేసి, తర్వాత మందులు కలిపే గదికి మారారు. 1917లో మందులు కలిపేవారికి పెట్టే అపోథెకరీస్ పరీక్ష పాసయ్యారు. 1920లో నవల వచ్చాక ‘ఫార్మస్యూటికల్ జర్నల్’ విషాల విషయంలో తప్పుల్లేవని మెచ్చుకుంది. ఆ పుస్తకం మీద ఆవిడకి ముట్టింది 25 పౌండ్లు!

ప్రశ్న: క్లూ కళ్లెదుటే ఉన్నా పాఠకుడికి కనపడకుండా ఎలా రాయాలి?

జవాబు: అదే నవల చూడండి. అందులో డిటెక్టివ్ పొయిరోకి వస్తువులు వంకరగా ఉంటే చెయ్యి ఊరుకోదు. నిప్పుగూడు అరుగు మీది బొమ్మలు సర్దుతుంటే మనం నవ్వుకుని ముందుకెళతాం. చాలా పేజీల తర్వాత తెలుస్తుంది, వాటిని అతను అంతకుముందే ఒకసారి సర్దేశాడని. మళ్లీ సర్దాల్సి వచ్చిందంటే మధ్యలో ఎవరిదో చెయ్యి పడ్డట్టే కదా! క్లూని పాత్ర అలవాటులో కలిపేయడమంటే ఇదీ.

మీరు రాసేటప్పుడు ముందు నేరాన్ని జరిగిన వరసలో, గంటల లెక్కన, వేరే కాగితం మీద రాసుకోండి. ఎవరు దేని గురించి అబద్ధమాడారో పక్కన గుర్తు పెట్టుకోండి. కథ మాత్రం శవం దొరికిన దగ్గర మొదలుపెట్టొచ్చు. క్లూని పేరా చివర పెట్టొద్దు, చూపు అక్కడే ఆగుతుంది. నాలుగు వస్తువుల మధ్య మూడోదిగా పెట్టి, వెంటనే ఒక తగాదా రేపండి. కొత్తవాళ్లు చేసే పొరపాటు, పాఠకుడు మర్చిపోతాడేమోనన్న భయంతో క్లూని మళ్లీ మళ్లీ గుర్తుచేయడం. రెండోసారికే పట్టేస్తాడు.

క్రిస్టీ నోటుపుస్తకాలు 73 మిగిలాయి. ఒక్కో పేజీలో కథాంశం పక్కనే ఇంటి సరుకుల జాబితా ఉంటుంది. సన్నివేశాలకి అక్షరాలు వేసి, వాటి వరస మార్చి చూసుకునేవారు. హంతకుడెవరో తేల్చుకోకుండానే పేజీలు నింపిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి మొదటి చిత్తుప్రతి గందరగోళంగా ఉందని బెంగపడకండి.

ప్రశ్న: ఆవిడ మాయమైన 11 రోజుల రహస్యమేమిటి?

జవాబు: 1926 డిసెంబర్ 3 రాత్రి ఇల్లు వదిలారు. కారు సర్రేలో దొరికింది. 14న హారోగేట్‌లోని హోటల్లో కనిపించారు, అక్కడ రాయించుకున్న ఇంటిపేరు భర్త ప్రియురాలిది. అదే ఏడాది తల్లి పోయింది. ఆత్మకథలో ఆవిడ ఈ ఊసే ఎత్తలేదు. మిగతావన్నీ ఊహలు, అవి మాకొద్దు.

ప్రశ్న: పొయిరో నవలలు ఏ వరసలో చదవాలి?

జవాబు: ‘స్టైల్స్’ మొదట, ‘కర్టెన్’ చివర. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రాసి దాచిన ‘కర్టెన్’ 1975లో బయటికొచ్చింది. అది జరిగేదీ మళ్లీ స్టైల్స్ ఇంట్లోనే కాబట్టి, మొదటిది చదవకపోతే సగం రుచి పోతుంది. మధ్యలోవి మీ ఇష్టం.