పాత మిల్లును నలుగురూ తిరిగే చోటుగా మలచబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మూతబడ్డ మిల్లునూ, దాన్ని ఆనుకుని ఉన్న పాత మార్కెట్ షెడ్లనూ కలిపి, జనం సాయంత్రాలు గడిపే చోటుగా మార్చే పని నీ చేతికి వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. నువ్వు పంపిన నక్షాలను రెండు రాత్రులు కూర్చుని చూశాను. భోజనశాల ఎక్కడ వస్తుందో, వేదిక ఎక్కడ వస్తుందో, దుకాణాలు ఎన్ని పడతాయో అన్నీ శ్రద్ధగా గీశావు. అయితే ఆ దుకాణాలలో ఎవరుంటారు, ఎంత అద్దెకు ఉంటారు, ఎన్నాళ్లు ఉంటారు అన్న ప్రశ్నలకు మాత్రం వాటిలో జవాబు కనబడలేదు. ముప్పై ఏళ్లకు పైగా పాత కట్టడాల మరమ్మతులలో గడిపిన నాకు, ఇలాంటి చోట్లు నిలిచేదీ పడిపోయేదీ ఆ మూడు ప్రశ్నల దగ్గరేనని గట్టి నమ్మకం. ఆ సంగతికి వచ్చే ముందు, ఇంకా ముందుగా తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి కనుక వరసగా రాస్తాను.

యజమానులు రెండు షెడ్లను పడగొట్టి ఆ జాగాలో కొత్త భవనం లేపుదామంటున్నారని రాశావు. తొందరపడవద్దని వారికి నచ్చజెప్పు. పారిస్ నడిబొడ్డున ఉండిన లే ఆల్ టోకు మార్కెట్టును 1969లో నగరం వెలుపల ఉన్న రంజిస్‌కు తరలించారు. 1971లో, వాస్తుశిల్పి బాల్తార్ రూపొందించిన ఇనుప మంటపాలను కూల్చడం మొదలుపెట్టారు. ఆ తరవాత అక్కడ ఏం కట్టాలో తేలక ఆ స్థలం ఏళ్ల తరబడి పెద్ద గొయ్యిగా పడి ఉంది. 1979లో నేల లోపల తెరిచిన దుకాణాల సముదాయం కూడా నగరవాసుల మెప్పు పొందలేకపోయింది, దాన్ని మళ్లీ భారీ ఖర్చుతో మార్చవలసి వచ్చింది. అదే కాలంలో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ మార్కెట్టుకూ అటువంటి గండమే ఎదురైంది. పళ్లు, కూరగాయల వ్యాపారం 1974లో లండన్‌లోనే మరో ప్రాంతమైన నైన్ ఎల్మ్స్‌కు వెళ్లిపోయింది, చుట్టుపక్కల వీధులను చాలావరకు పడగొట్టి వెడల్పు రోడ్లు, ఆఫీసులు కట్టే పథకం అంతకు ముందే సిద్ధమై ఉంది. అక్కడ నివసించేవారు పట్టుబట్టి పోరాడారు, 1973లో ప్రభుత్వం అనేక భవనాలను రక్షిత జాబితాలో చేర్చింది, 1830 నాటి మార్కెట్ భవనం 1980లో మళ్లీ తలుపులు తెరిచింది. పాత షెడ్డును ఏం చేయాలో ఈ ఏడు తోచకపోతే పైన రేకులు వేయించి అలాగే ఉంచవచ్చు, వచ్చే ఏడు తోచవచ్చు. పడగొట్టినదాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

రేకుల మాట వచ్చింది కనుక కప్పు గురించి చెప్పాలి. డబ్బు పూర్తిగా చేతికి రాకుండా ఏ భవనం కప్పునూ విప్పనివ్వకు. లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1983లో ఆగిపోయింది. దాన్ని వినోద ఉద్యానంగా మారుద్దామని ఒక వ్యాపారి పూనుకుని, లోపలి యంత్రాలను బయటికి తీయడానికి కప్పు ఎత్తేయించాడు. 1989లో నిధులు చాలక పని నిలిచిపోయింది. ఉక్కు చట్రం, పునాదులు ఎండకూ వానకూ తెరుచుకుని ఉండిపోయాయి, ఆ తరవాత ఎన్నో పథకాలు వచ్చి పోయాయి, చివరకు జనం లోపల అడుగుపెట్టింది 2022లో. నీ మిల్లుకు నువ్వు చేయగల మొదటి మేలు వాన నీటి గొట్టాలను, తూములను బాగు చేయించి, పెంకులు సరిచేయించి, గోడల్లోకి చెమ్మ దిగకుండా ఆపడం. ఈ పనికి ప్రారంభోత్సవం ఉండదు, ఫొటోలు ఉండవు, అయినా దీని తరవాత నీకు ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

గోడల దగ్గర ఒక జాగ్రత్త. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడల సందులను సిమెంటుతో పూడ్చే మేస్త్రీని దగ్గరికి రానివ్వకు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని ఇటుకలోనే బంధిస్తుంది, కొన్నేళ్లకు ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. పోత ఇనుప స్తంభాలు బరువును బాగా మోస్తాయి గానీ, వంగే బలం, లాగే బలం వాటికి తక్కువ. వాటికి ఏదైనా తగిలించాలని, వెల్డింగ్ చేయించాలని ఎవరైనా అంటే ముందు అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించు. చెక్క దూలాలు ఉంటే నడిమి భాగం గట్టిగా ఉందని సంతృప్తి పడకుండా, గోడలో దిగిన కొసలను తవ్వి చూడు, కుళ్లు చాలావరకు అక్కడే మొదలవుతుంది.

ఇక నేల. పాత కర్మాగారపు నేలను నమ్మకూడదు. రంగుల అద్దకం జరిగిన చోట, నూనె నిలవ చేసిన చోట, బొగ్గు బూడిద పోసిన చోట ఏం ఇంకి ఉందో పరీక్షలు చేయించకుండా అక్కడ పిల్లల ఆటస్థలం గీయడం తప్పు. నీ నక్షాలో అది సరిగ్గా పాత బాయిలరు గది వెనకాల ఉంది. సియాటిల్‌లో 1956లో మూతబడ్డ గ్యాస్ ప్లాంటును పార్కుగా మార్చి 1975లో తెరిచారు. రూపకర్త రిచర్డ్ హాగ్ పొగగొట్టాలను, గోపురాలను అలాగే ఉంచి, నేలను సూక్ష్మజీవుల సాయంతో శుభ్రపరచాలని పూనుకున్నాడు, అది ఆ రోజుల్లో చాలా ముందుచూపున్న ప్రయత్నం. అయినా విష పదార్థాల భయంతో 1984లో పార్కును కొంతకాలం మూసి మట్టిని పరీక్షించవలసి వచ్చింది. మట్టి పరీక్షల ఖర్చును అంచనాలలో చివరి అంశంగా కాకుండా మొదటి అంశంగా రాయి. ఫలితం బాగోలేకపోతే ఆటస్థలం చోటు మార్చడం ఇప్పుడు కాగితం మీద ఒక గీత పని మాత్రమే.

జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఇనుప కర్మాగారాన్ని ఉద్యానశిల్పి పీటర్ లాట్స్ ఉద్యానంగా మలచిన తీరును నువ్వు తప్పక చదవాలి. 180 హెక్టార్ల ఆ స్థలాన్ని ఆయన పూలతోటగా మార్చి ఊరుకోలేదు. కొలిమిని జనం ఎక్కి చూసేలా ఉంచాడు. ఖనిజం నింపే తొట్ల గోడలు కొండలెక్కేవారికి సాధన స్థలమయ్యాయి, పాత గ్యాస్ ట్యాంకును నీటితో నింపితే ఈతగాళ్లు అందులో మునకలు నేర్చుకుంటున్నారు. కర్మాగారంలోనే దొరికిన 49 భారీ ఇనుప పలకలను పరిచి ఒక ప్రాంగణం చేశారు. మురుగు మోసిన కాలువ స్థానంలో వాన నీటి కాలువ వచ్చింది. నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం మరొకటి: ఒకప్పుడు అక్కడ పని చేసినవారే సందర్శకులకు దారి చూపి, ఏ యంత్రం ఏం చేసేదో చెప్పారు. చేతులతో ఆ పని చేసిన మనిషి నోట విన్న మాటకు ఏ ఫలకం మీది రాతా సాటి రాదు.

ఈ విషయంలో నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక గిడ్డంగిని ప్రదర్శనశాలగా మార్చే పనిలో, నేలంతా నూనె మరకలతో, గీరుకుపోయిన గాడులతో ఉందని యంత్రం పెట్టి నునుపుగా రుద్దించాను. అందరూ మెచ్చుకున్నారు. ప్రారంభానికి ముందు రోజు అక్కడ పాతికేళ్లు బస్తాలు మోసిన ఒక పెద్దాయన వచ్చి, నేల వైపు చాలాసేపు చూసి, బండ్లు నడిచిన గాడులు ఏమయ్యాయని అడిగాడు. ఆ గాడుల వెంట నడిస్తే సరుకు ఎటునుంచి వచ్చి ఎటు వెళ్లేదో, తూకం ఎక్కడ వేసేవారో, హమాలీలు ఎక్కడ కూర్చునేవారో తెలిసేదట. నేను రుద్దించింది మురికి అనుకున్నాను, అది ఆ చోటు చరిత్ర మొత్తం. ఆ పెద్దాయనను రెండు నెలల ముందు పిలిచి ఉంటే నాకు ఆ సంగతి తెలిసేది. అందుకే గీతలు గీయడం ఒక నెల ఆపి, మిల్లులో పని చేసినవారిని, షెడ్లలో వ్యాపారం చేసినవారిని, బస్తాలు మోసినవారిని వెతికి పట్టుకుని, ఒక్కొక్కరితో ఆ ఆవరణలో నడువు. వారు చెప్పినది నక్షా మీద గుర్తు పెట్టు. ఆ తరవాతే ఏది ఉంచాలో, ఏది తీయాలో నిర్ణయించు.

ఖాళీని చూసి భయపడకు. లండన్‌లోని బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడరన్ అనే కళా ప్రదర్శనశాలగా తెరుచుకున్నప్పుడు, యంత్రాలు తీసేసిన టర్బైన్ హాలును అంతస్తులుగా నరకకుండా, సుమారు 35 మీటర్ల ఎత్తుతో అలాగే వదిలేశారు. లెక్కల ప్రకారం అది అద్దె రాని జాగా. ఆ భవనానికి వచ్చినవారు మొదట తలెత్తి చూసేదీ, ఇంటికి వెళ్లి చెప్పుకునేదీ ఆ హాలు గురించే. నీ మిల్లులో నేత మగ్గాల పెద్ద గదిని మూడు ముక్కలు చేయమని పెట్టుబడిదారులు ఒత్తిడి చేస్తారు. ఆ ఒక్క గది కోసం గట్టిగా నిలబడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బోస్టన్‌లోని క్విన్సీ మార్కెట్ 1826లో పూర్తయిన గ్రానైటు కట్టడం. వాస్తుశిల్పి బెంజమిన్ థామ్సన్, నిర్మాణ వ్యాపారి జేమ్స్ రౌస్ కలిసి దాన్ని బాగు చేసి 1976లో తెరిస్తే, జనం ఊహకు మించి వచ్చారు. మొదట్లో చిన్న వ్యాపారులు, తోపుడు బండ్ల వాళ్లు, స్థానిక తిండి దుకాణాలు అక్కడ కళకళలాడాయి. ఏళ్లు గడిచిన కొద్దీ అద్దెలు భరించగల ఊరూరా శాఖలున్న పెద్ద దుకాణాలు చేరాయి, ఊరివాళ్లు క్రమంగా దాన్ని పర్యాటకులకు వదిలేశారు. అది చూసి అదే అచ్చులో ఇతర నగరాలు కట్టుకున్న, తిండి, వినోదం, కొనుగోళ్లు కలిపిన ‘ఉత్సవ మార్కెట్లు’ కొన్ని త్వరగానే చతికిలపడ్డాయి. అమెరికాలోని టొలీడోలో 1984లో తెరిచినది 1990లో మూతబడింది. గోడలు ఎంత అందంగా ఉన్నా, ఎక్కడైనా దొరికే వస్తువే అక్కడా దొరికితే రెండోసారి ఎవరూ రారు.

సియాటిల్‌లోని పైక్ ప్లేస్ మార్కెట్ దారి వేరు. దళారుల చేతిలో ధరలు పెరిగిపోతున్నాయన్న ఆగ్రహం నుంచి, రైతులు నేరుగా కొనేవారికి అమ్ముకునేందుకు 1907లో అది పుట్టింది. 1960లలో దాన్ని పడగొట్టి హోటలు, ఆఫీసులు, కార్ల గ్యారేజీ కడదామని పథకం వేశారు. వాస్తుశిల్పి విక్టర్ స్టైన్‌బ్రూక్ ముందుండి నడిపిన ఉద్యమం ఫలించి, 1971లో నగర ఓటర్లు దాన్ని చారిత్రక ప్రాంతంగా నిలపాలని తీర్పు ఇచ్చారు, 1973లో దాని నిర్వహణకు ప్రత్యేకంగా ఒక ప్రజా సంస్థ ఏర్పడింది. అక్కడి నియమాలు గోడల రంగుతోనూ కిటికీల ఆకారంతోనూ ఆగవు, ఒక దుకాణంలో ఏ వ్యాపారం జరగాలన్నదానికీ అనుమతి కావాలి. బల్ల మీద అమ్మే రైతు తాను పండించినదే, చేతిపనివాడు తాను చేసినదే అమ్మాలి. అదే ఆవరణలో తక్కువ ఆదాయం ఉన్న వృద్ధుల ఇళ్లు, వైద్యశాల, శిశు పాఠశాల కూడా ఉన్నాయి. సెలవు రోజున వేల మంది వింతగా చూసేది అక్కడివారి మామూలు బతుకును.

కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న గ్రాన్‌విల్ ఐలాండ్‌లో 1979లో మార్కెట్ తెరిచినప్పుడు, అక్కడి కాంక్రీటు ప్లాంటును బయటికి పంపకుండా ఉండనిచ్చారు. దశాబ్దాల తరవాత కూడా, కూరగాయలు కొనేవారి పక్క నుంచే కాంక్రీటు లారీలు వెళుతూ ఉన్నాయి. దుమ్ము, చప్పుడు ఉంటాయని వాదించవచ్చు. నా మట్టుకు నాకు, ఆ లారీ ఒక్కటీ వంద అలంకరణల పెట్టు, ఎందుకంటే ఆ స్థలం ఇంకా పని చేస్తోందని అది రోజూ చెబుతుంది.

అందువల్ల అద్దె పత్రాన్ని వకీలుకు వదిలేయకుండా, నక్షాతో పాటు నువ్వే కూర్చుని రాయించు. మొత్తం జాగాలో ఒక నిర్దిష్ట భాగాన్ని, వీలైతే మూడో వంతును, అక్కడే ఏదైనా తయారు చేసేవారికీ మరమ్మతు చేసేవారికీ తక్కువ అద్దెకు కేటాయించి, ఆ కేటాయింపును తరవాతి యజమాని కూడా మార్చలేని విధంగా దస్తావేజులో చేర్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి స్థిరమైన అద్దె కాకుండా అమ్మకాలలో వాటా పెట్టు, రాబడి లేని నెలలో వారు మునిగిపోకుండా ఉంటారు. ఒక్క రోజుకు అద్దెకిచ్చే బల్లలు కొన్ని ఉంచు. కాపలా, దీపాలు, శుభ్రత పేరుతో అద్దె పైన వేసే ఖర్చుకు హద్దు రాయించు, చిన్న వ్యాపారిని ఖాళీ చేయించేది తరచుగా అద్దె కన్నా ఈ అదనపు వసూలే. అద్దె ఏడాదికి ఎంత పెరగవచ్చో ముందే తేల్చు. షెడ్లలో ఇప్పటికీ సరుకు అమ్ముతున్న ఆ పన్నెండు మందికి, పనులు జరిగే కాలంలో దగ్గరలోనే తాత్కాలిక చోటు, పూర్తయ్యాక పాత అద్దెకే తిరిగి రాగల హక్కు, రెండూ రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటి మాట మీద వెళ్లినవారు తిరిగి వచ్చిన సందర్భం నా అనుభవంలో ఒక్కటీ లేదు.

ప్రహరీ బయటి ఇళ్ల గురించి కూడా ఇప్పుడే మాట్లాడాలి. న్యూయార్క్‌లో 1980 నుంచి రైళ్లు ఆగిపోయిన ఎత్తైన రైలు దారిని హై లైన్ అనే పార్కుగా మార్చి 2009లో మొదటి భాగం తెరిచారు. అందానికి లోటు లేదు, జనానికి లోటు లేదు. చుట్టుపక్కల ఇళ్ల ధరలు ఎగసిపోయాయి, పక్కనే ప్రభుత్వ గృహాలలో ఉండేవారికి అది తమ పార్కు అనిపించలేదు. దాన్ని స్థాపించినవారిలో ఒకరు ఆ లోపాన్ని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఉద్యోగాలలో, రాత్రి చప్పుడు ఆపే వేళలో, ఉచితంగా కూర్చునే చోట్లలో ఇరుగుపొరుగువారి మాట చెల్లేలా ఒక సంఘాన్ని ఇప్పుడే ఏర్పరచు. ఏమీ కొనకుండా గంటసేపు కూర్చోగల బెంచీలు, నీడ, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ వెళ్లే వాలు దారి ఉండాలి. వీటికి సాకులు వినకు.

మట్టి పరీక్షల నివేదిక వచ్చాక నకలు పంపు. దానికన్నా ముందు, ఆ పన్నెండు మంది దుకాణదారులు ఏం అమ్ముతారు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఇప్పుడు ఎంత అద్దె కడుతున్నారు అన్న పట్టీ ఒకటి రాసి పంపు. అద్దె పత్రం ముసాయిదా చేతికి రాగానే నేనే వచ్చి నీతో కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మామయ్య