రంగులు వేసిన చంద్రుడి ఫొటో: అదీ ఒక చదువేనా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. మా అమ్మాయి ఒంగోలులో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చంద్రుడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేసిన ఫొటో చూపించి, ఇలాంటి పనిలోకే వెళ్తానంటోంది. లేని రంగులు పూయడం కూడా చదువేనా అండీ? బీటెక్ కంప్యూటర్స్‌లో చేర్పిద్దామనుకున్నాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంటికి లేని రంగులే, కానీ ఇష్టమొచ్చినట్టు పూసినవి కావండీ. 2008లో, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1లో నాసా వాళ్ల మూన్ మినరాలజీ మ్యాపర్ ఉంది. చంద్రుడి మీద పడి తిరిగొచ్చే ఎండను, మనకు కనపడని ఇన్‌ఫ్రారెడ్‌తో సహా, అది సన్నని పట్టీలుగా విడదీసి కొలిచింది. ఒక్కో ఖనిజం ఒక్కో పట్టీలో వెలుగును మింగేస్తుంది. ఆ తేడాను మన కంటికి ఆనే రంగుల్లో చూపిస్తే అదే ఫాల్స్ కలర్. 2009లో వచ్చిన చిత్రంలో నీలం అంటే నీటి, హైడ్రాక్సిల్ (ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ కలిసిన జంట) జాడ. ఆకుపచ్చ అంటే తిరిగొచ్చిన ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఎంతన్నది. ఎరుపు అంటే పైరాక్సీన్ అనే ఇనుము కలిసిన ఖనిజం. మీ అమ్మాయి చూపించింది బహుశా ఇదే.

ఆ పైరాక్సీన్ మీకు పరాయిది కాదు. మీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయిలో బంగారు చుక్కల్లా మెరిసే బ్రాంజైట్ ఉంది చూశారూ, అది ఆ జాతిదే. ఒక స్లాబ్ ముక్క తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టండి.

బొమ్మ తయారుచేయడానికి కంప్యూటర్ చాలు. ఆ ఎరుపు ఏ రాయో చెప్పాలంటే జియాలజీ రావాలి. సీట్లు రానివాళ్ల చదువని దాన్ని పక్కన పెట్టేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. రాళ్ల మీద ఇష్టముంటే డిగ్రీలో జియాలజీ, తర్వాత జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ, అక్కడి నుంచి అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ)లో గ్రహాల మీద పరిశోధన. నేనైతే ఈ దారికే ఓటేస్తాను. లెక్కలు, ప్రోగ్రామింగ్ మీద మనసుంటే మీరనుకున్న బీటెక్కే చేసి, ఇస్రో వాళ్ల డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ సంస్థలో రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో దూరం నుంచి నేలను చదివే విద్య) ఎంటెక్ చేయొచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు బాగా వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష చదువుల కాలేజీ ఐఐఎస్‌టీ కూడా ఉంది.

ఒక్క గ్రహాల మీదే పనిచేసే ఉద్యోగాలు మన దేశంలో తక్కువ. అది దాచను. అయితే ఇదే విద్య భూమి మీద పంటలకు, నీళ్లకు, గనులకు పనికొస్తుంది. ఇస్రో వాళ్ల హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్)లో జరిగేది ఈ పనే. అక్కడి ఉపగ్రహ ఫాల్స్ కలర్ ఫొటోల్లో ఇన్‌ఫ్రారెడ్‌ను ఎరుపుగా చూపిస్తారు కాబట్టి పచ్చటి వరిచేను ఎర్రగా, తేట నీళ్ల చెరువు నల్లగా వస్తుంది.

పరీక్షలు అయ్యాక క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దించుకోమనండి. ఇస్రో భువన్ సైట్‌లో రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా తీసిన చిత్రాలు దొరుకుతాయి. చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద దాదాపు 24 మీటర్లు. అందులో చీమకుర్తి క్వారీలను తనే వెతకాలి. ఆ గుంతలు, చుట్టూ ఉన్న పొలాలు ఆ రంగుల్లో ఎందుకు వచ్చాయో మీకు వివరించాలి. ఆ బొమ్మ తీసుకుని ఇద్దరూ ఒంగోలు రండి, ఏ కోర్సో అప్పుడు కూర్చుని తేల్చుకుందాం.