లిస్బన్‌లో ఒక రోజంతా తినడానికే అయితే

"యూరప్‌లో మీకు బాగా నచ్చిన ఊళ్లో ఒక రోజు మొత్తం తిండి కోసమే గడపాలంటే ఏం చేస్తారు?" అని అడిగారు. నా జవాబు పోర్చుగల్ రాజధాని లిస్బన్. అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో ఇండియా నుంచి స్నేహితులు వస్తే వాళ్లను ఇలాగే తిప్పేదాన్ని. ఒక్క మాట ముందే చెప్తాను: రోజంతా మధ్యాహ్న భోజనం చుట్టూ ప్లాన్ చేసుకోండి. చాలామంది డిన్నర్‌కి పేరున్న రెస్టారెంట్ బుక్ చేసుకుని, మధ్యాహ్నం ఏదో శాండ్‌విచ్‌తో సరిపెట్టుకుంటారు. లిస్బన్‌లో అసలు వంట మధ్యాహ్నమే దొరుకుతుంది.

పొద్దున్నే 15ఇ ట్రామ్ ఎక్కి బెలేం అనే పేటకి వెళ్లండి. 1837 నుంచి నడుస్తున్న పాస్తైష్ ద బెలేం అనే బేకరీ అక్కడే ఉంది, గుడ్డు క్రీమ్ నింపిన చిన్న టార్ట్‌లకు పేరు. పక్కనున్న జెరోనిమోస్ మఠం నుంచి వచ్చిన వంటకం ఆ టార్ట్. అప్పట్లో మఠాల్లో బట్టలకు గంజి పెట్టడానికి గుడ్డు తెల్లసొన వాడేవాళ్లని, మిగిలిన పచ్చసొనలు మిఠాయిల్లోకి వెళ్లేవని చెప్తారు. పోర్చుగల్ మిఠాయిలు చాలావరకు పచ్చసొన రంగులోనే ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. తొమ్మిదిన్నర దాటితే క్యూ పెరుగుతుంది, కాబట్టి ముందే వెళ్లండి. ఆ టార్ట్ వేడిగా ఉండగానే దాల్చినచెక్క పొడి, పంచదార పొడి చల్లుకుని తినాలి. పైన అక్కడక్కడా నల్లగా మాడిన మచ్చలుంటాయి, లోపల క్రీమ్ ఇంకా వణుకుతూ ఉంటుంది, కొరికితే పొరలు పెళపెళలాడి ఒళ్లో రాలతాయి. దాంతో పాటు ఒక బికా తాగండి. లిస్బన్‌లో ఎస్‌ప్రెస్సోని అలాగే అడుగుతారు. రెండు టార్ట్‌లతో ఆపేయండి, కడుపులో చోటు ఉంచుకోవాలి.

వాస్కో డ గామా సమాధి కూడా ఆ మఠంలోనే ఉంది. 1498లో ఆయన కాలికట్ చేరింది మిరియాల వ్యాపారం కోసం. ఆ దారిలోనే తర్వాత పోర్చుగీసు ఓడలు అమెరికా ఖండాల మిరపకాయను మన దేశానికి తెచ్చాయి. ఆవకాయ తిని పెరిగిన నాకు అక్కడ నిలబడితే ఏదో అయ్యేది. విచిత్రం ఏంటంటే లిస్బన్ వంటలో కారం పెద్దగా ఉండదు. ఉప్పు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, కొత్తిమీర, అంతే. అవును, కొత్తిమీరే! మిగతా యూరప్‌లో అంతగా కనపడని కొత్తిమీరను వీళ్లు మనలాగే గుప్పిళ్లతో వేస్తారు.

తిరిగి సెంటర్‌కి వచ్చాక రువా దు అర్సెనాల్ మీదుగా నడవండి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేపలు అమ్మే పాత దుకాణాలు ఆ వీధిలో ఉన్నాయి, వాసన దూరం నుంచే తెలుస్తుంది. దాన్ని బకల్యావ్ అంటారు. పోర్చుగల్ సముద్రంలో ఆ చేప దొరకదు, శతాబ్దాలుగా ఉత్తరాది సముద్రాల నుంచే వస్తోంది. అయినా ఆ దేశపు వంటంటే ముందు గుర్తొచ్చేది అదే. ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెడితే గానీ ఉప్పు దిగదు.

ఇక భోజనం. పన్నెండున్నరకల్లా ఒక తాస్కలో కూర్చోండి. తాస్క అంటే చిన్న కుటుంబ హోటల్. టేబుల్ మీద కాగితం పరచి ఉంటుంది, ఆ రోజు వంటలు చేత్తో రాసి అద్దానికి అతికిస్తారు. నాలుగు భాషల్లో ఫొటోల మెనూ ఉన్న చోటికి మాత్రం వెళ్లకండి. కూర్చోగానే బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. అవి ఉచితం కాదు, వద్దంటే తీసుకెళ్లిపోతారు. నేనైతే ఆలివ్‌లు ఉంచమంటాను. బకల్యావ్ ఆ బ్రాష్ ఉంటే అది చెప్పండి. సన్నగా చీల్చిన చేప, అగ్గిపుల్లల్లా తరిగి వేయించిన ఆలుగడ్డ, ఉల్లిపాయ, వీటన్నిటినీ గుడ్డుతో తడితడిగా కలిపి పైన నల్ల ఆలివ్‌లు వేస్తారు.

కానీ నా ఓటు అన్నానికే. యూరప్‌లో మనిషికి లెక్కన అందరికంటే ఎక్కువ బియ్యం తినేది పోర్చుగీసు వాళ్లే. తంబొరీల్ అనే చేపతో గాని, రొయ్యలు, ఆల్చిప్పలతో గాని వండిన అన్నం గిన్నెతో సహా టేబుల్ మీదకి వస్తుంది. మూత తీస్తే ఇంకా ఉడుకుతూ ఉంటుంది. టమాటా, వెల్లుల్లి, కొత్తిమీర వేసిన పులుసులో మెతుకులు జారుజారుగా తేలుతుంటాయి. వారాల తరబడి బ్రెడ్ తిన్నాక ఆ గిన్నె ముందుకొస్తే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఒక్కరే అయితే "మైయా దోజ్" అనండి, సగం వడ్డన తెస్తారు, అదే కడుపు నిండిపోతుంది. చివర్లో అరోష్ దోస్ తప్పకుండా తినండి. పైన దాల్చినచెక్క పొడితో ముగ్గు వేసిన పాయసం అది.

మధ్యాహ్నం తినకండి, నడవండి. ఏటవాలు వీధులు అరిగించేస్తాయి. మందు తాగే అలవాటుంటే సావ్ దొమింగుష్ చర్చి దగ్గర గోడలో గూడు లాంటి చిన్న దుకాణంలో జింజీన్య అడగండి. పుల్ల చెర్రీలతో చేసిన తియ్యని లిక్కర్, నిలబడే తాగేస్తారు.

సాయంత్రం కైష్ దు సొద్రె రేవు నుంచి ఫెర్రీలో తేజు నది దాటి కసీల్యష్ వెళ్లండి, పది నిమిషాల ప్రయాణం. వెలుగున్నప్పుడే వెళ్తే ఊరంతా అవతలి ఒడ్డున కనిపిస్తుంది. రాత్రికి తేలిగ్గా చాలు: వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మరసంతో వండిన అమైజువష్ అనే ఆల్చిప్పలు ఒక ప్లేటు, ఆ రసంలో అద్దుకోవడానికి బ్రెడ్.

శాకాహారులైతే కొంచెం కష్టమే, అబద్ధం చెప్పను. కాల్దు వెర్ద అనే ఆకుకూర సూప్‌లో కూడా మాంసం ముక్క వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. అయితే పైషీన్యుష్ ద ఓర్త అడిగి చూడండి, బీన్స్‌ని పిండిలో ముంచి వేయించిన బజ్జీలు. జపాన్ టెంపురాకు మూలం పోర్చుగీసు వాళ్ల ఈ రకం వేపుడే అంటారు.

ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, చాలా తాస్కలు మూసి ఉంటాయి. జూన్‌లో వెళ్లే వీలుంటే 12వ తేదీ రాత్రి ఊళ్లో ఉండేలా చూసుకోండి. సెయింట్ ఆంథోనీ పండగ, అల్ఫామా అనే పాత పేట సందుల్లో ఇంటింటి ముందూ బొగ్గుల మీద సార్డీన్ చేపలు కాలుస్తారు. అప్పుడు ఫెర్రీ మానేసి నేరుగా అక్కడికే వెళ్లండి. చేపను బ్రెడ్ ముక్క మీద పెట్టి ఇస్తారు. చేప తినేసి బ్రెడ్ పారేయకండి, నూనె అంతా దానికే పడుతుంది.