నూకలు చల్లేది మనమే, తిట్టేది పావురాల్నా?

ప్రశ్న: తాడేపల్లిగూడెంలో మాది బియ్యం హోల్‌సేల్ వ్యాపారం, వెనకాల రేకుల షెడ్డే గోడౌన్. రెండేళ్లుగా పావురాలు పైన రేకుల్ని మోసే ట్రస్‌ల మీద కాపురం పెట్టాయి. బస్తాల మీద రెట్టలు పడి మొన్న ఒక పార్టీ 40 బస్తాలు వెనక్కి పంపేశాడు. ఆన్‌లైన్‌లో సౌండ్ మిషన్ కొని పెడితే వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. గుమస్తా జిగురు పూద్దామంటాడు, పక్క షాపాయన నూకల్లో గుళికలు కలిపి పెట్టమంటాడు. మా నాన్నగారేమో రోజూ పొద్దున్నే షట్టర్ ముందు చాటెడు నూకలు చల్లి, పక్షికి గింజ వేస్తే పుణ్యం అంటారు. వాటిని చంపడం నాకూ ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ గుళికల మాట మర్చిపోండి. మనుషులు తినే బియ్యం ఉన్నచోట విషం పెట్టడమేంటండీ! పైగా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేసు కూడా అవుతుంది. జిగురు కూడా వద్దు. అది పావురానికే కాదు, పిచ్చుకకూ అంటుకుంటుంది, రెక్కలు అతుక్కుపోయిన పిట్ట ఎగరలేక ఏ మూలో చచ్చిపడుతుంది.

సౌండ్ మిషన్ విషయంలో మీరొక్కరే కాదు, నేనూ ఒకప్పుడు కొని మోసపోయినవాణ్ణే. మనకు వినపడదు కానీ పక్షులకు వినపడుతుందని చెప్పి అమ్ముతారు. నిజానికి 20,000 హెర్ట్జ్ దాటిన శబ్దం మనకెలా వినపడదో పావురానికీ అలాగే వినపడదు, పాపం దానికి అక్కడ మిషన్ ఉందన్న సంగతే తెలియదు. ప్లాస్టిక్ గుడ్లగూబలూ, వేలాడే సీడీలూ నాలుగు రోజుల ముచ్చటే. పట్టి దూరంగా వదిలేద్దామా అంటే, పందెపు పావురాలు వందల కిలోమీటర్ల నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చే జాతి అది, మీ గోడౌన్ దానికో లెక్కా?

అసలు సంగతి మీ షట్టర్ ముందే ఉంది. పొద్దున్నే టిఫిన్ పెట్టి, పైన ఎండా వానా తగలకుండా ఇల్లిచ్చి, ఆ తర్వాత పొమ్మంటే ఎవరు పోతారు చెప్పండి. నాన్నగారిని మానేయమనకండి, పెద్దాయన బాధపడతారు. మీ గోదావరి జిల్లాల్లో వరి కంకులతో కుచ్చులు అల్లి వసారాలో వేలాడదీసే అలవాటు ఉండనే ఉంది కదా, గోడౌన్ దగ్గర కాకుండా ఇంటి దగ్గర అలాంటివి రెండు కట్టించండి. పిచ్చుక కంకిని పట్టుకుని వేలాడుతూ తింటుంది, ఒళ్లు బరువున్న పావురానికి ఆ విద్య రాదు. నాన్నగారి పుణ్యం నాన్నగారికి ఉంటుంది. అలాగే బస్తాలు దించినప్పుడు రాలిన గింజల్ని ఏ పూటకాపూట ఊడిపించండి.

తర్వాత వల. ట్రస్‌ల కింద గోడ నుంచి గోడ దాకా స్టీలు తీగ బిగించి, దానికి నైలాన్ వల కట్టాలి. పావురాలకైతే 50 మిల్లీమీటర్ల కన్ను సరిపోతుంది, పిచ్చుకలు కూడా లోపలికొస్తుంటే 20కి మించకూడదు. వల తబలా మీది చర్మంలా బిగుతుగా ఉండాలి, వదులుగా వేలాడితే పక్షులు అందులోనే చిక్కుకుంటాయి. రేకుకూ గోడకూ మధ్య సందుల్ని జాలీతో మూయండి. లారీలు వచ్చే ద్వారానికి కోల్డ్ స్టోరేజీల్లో కనిపించే ప్లాస్టిక్ పట్టీల కర్టెన్ వేలాడదీస్తే చాలు. బయట సజ్జల మీద ముళ్ల పట్టీలు పెట్టొచ్చు కానీ అప్పుడప్పుడూ శుభ్రం చేయించాలి, లేదంటే వాటి మధ్య పుల్లలు పేర్చి అక్కడే గూడు కట్టేస్తాయి.

వల కట్టే ముందు నిచ్చెన వేసుకుని ప్రతి ట్రస్ మూలా చూడండి. నాలుగు చీపురు పుల్లలు, కాస్త బైండింగ్ వైరు, మీ బస్తాలు కుట్టిన దారం, మధ్యలో రెండు తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. పొదగడానికి 18 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నాలుగైదు వారాలు పడుతుంది. అంతవరకూ ఆ మూల వదిలేసి మిగతా ట్రస్‌ల పని చేసుకుంటూ రండి. పావురాలు ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయి కాబట్టి అన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయని ఎదురుచూస్తే పని ఎప్పటికీ మొదలవదు. వల చివరి పక్క మూసేది మాత్రం పగటిపూట, అన్నీ బయటికి పోయాక. రాత్రి మూస్తే నిద్రపోతున్నవి లోపలే ఉండిపోతాయి.

అన్నట్టు ఆ కుట్టు దారం కాళ్లకు చుట్టుకునే చాలా పావురాలకు వేళ్లు తెగిపోతాయి. విప్పిన దారం కింద పారేయకుండా ఒక డబ్బాలో వేయమని హమాలీలకు చెప్పండి.

ఎండిన రెట్టను మాత్రం పొడిగా ఊడిపించకండి. ఆ దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి. బస్తాలు జరిపించి, సబ్బు నీళ్లు చల్లి, బాగా నానాక మాస్కు పెట్టుకుని గీకించాలి.

ప్రశ్న: హనుమకొండలో మాది మొబైల్ షాపు. తోక నిక్కబొడుచుకున్న ఒక నల్ల పిట్ట నెల రోజులుగా షాపు అద్దాన్ని పొడుస్తూనే ఉంది. దానికేమైనా పిచ్చా?

జవాబు: పిచ్చి కాదండీ, గూడు కట్టే కాలంలో అద్దంలో తన బొమ్మే దానికి శత్రువు. తన చోటు ఆక్రమించడానికి ఇంకో మగపిట్ట వచ్చిందని కొట్లాడుతోంది. కొన్ని వారాల్లో అదే మానేస్తుంది. ఈలోగా అది పొడిచేచోట కాగితం అంటించండి, అదీ బయటివైపు. లోపల అంటిస్తే దాని బొమ్మ ఇంకా స్పష్టంగా కనపడుతుంది.