ఆన్‌రోడ్ ధరలో ఏ రూపాయి ఎవరికి పోతుంది? వైజాగ్‌లో కారు కొన్న అనుభవంతో చెబుతున్నా

మీరు అడిగింది ఇదీ: ఉండేది మధురవాడ, కొనేది మొదటి కారు. ఎక్స్‌షోరూమ్ ధర, అంటే కంపెనీ వేసిన కారు ధర, 10,60,000. పన్నులు, బీమా అన్నీ కలిపి షోరూమ్ వాళ్ళు ఇచ్చిన ఆన్‌రోడ్ లెక్క దాని మీద ఇంకో మూడు లక్షలు. అందులో ఇన్సూరెన్స్ 58,000, ఎసెన్షియల్ కిట్ (మ్యాట్లు, సీట్ కవర్ల లాంటి యాక్సెసరీలు) 24,000, హ్యాండ్లింగ్ 12,000 అని ఉన్నాయి. ఇవన్నీ కట్టి తీరాలా, అసలు ఈ అంకెలు ఎలా వేస్తారు అని.

కొన్ని కట్టి తీరాలి. కొన్ని మీ ఇష్టం. ఒకటి మాత్రం అసలు కట్టనక్కర్లేదు. ఏది ఏదో తేల్చుకోవడానికి కొటేషన్‌లో ప్రతి లైను దగ్గరా ఒక్కటే అడగండి: ఈ డబ్బు చివరికి ఎవరి చేతికి పోతుంది? ప్రభుత్వానికా, బీమా కంపెనీకా, కార్ల కంపెనీకా, షోరూమ్‌కా? నేనీ ప్రశ్న అడగకుండా కారు కొన్నాను, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది గోపాలపట్నం. 2023 దసరాకి కారు తీసుకున్నాం. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు. విజయదశమి రోజు కొత్త కారు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు నిలబెట్టి పూజ చేయించాలన్నది ఆయన కోరిక. ఎక్స్‌షోరూమ్ 8,40,000. బుకింగ్ రోజు ఎగ్జిక్యూటివ్ తన విజిటింగ్ కార్డు వెనకాల నీలం పెన్నుతో ఆన్‌రోడ్ ధర ఒకే అంకెగా రాసిచ్చాడు. మంచి కుర్రాడు, మర్యాదగా మాట్లాడాడు, మేం నమ్మాం. డెలివరీ ఇంకో రెండు రోజులుందనగా పూర్తి డబ్బు కట్టమని అసలు కొటేషన్ పంపారు. అందులో కార్డు మీద లేని రెండు లైన్లు చేరాయి: హ్యాండ్లింగ్ 8,500, పెయింట్ కోటింగ్ 11,500. ఫోన్ చేస్తే, "సార్, అవి అందరికీ కామనే. మీకు ముహూర్తం ఉంది కదా, ఇప్పుడు వెనక్కి పంపితే కారు వేరేవాళ్ళకి అలాట్ అయిపోతుంది" అన్నారు. ఇంట్లో అందరికీ చెప్పేసుకున్నాం. నాన్నగారి మొహం చూసి కట్టేశాను. తర్వాత రసీదులు సర్దుతుంటే చూశాను, ఆ 8,500కి ఇచ్చిన బిల్లు మీద హ్యాండ్లింగ్ అన్న మాటే లేదు. "యాక్సెసరీస్" అని ఉంది. ఆ పేరుతో మాకు ఒక్క వస్తువూ ఇవ్వలేదు.

మా బావమరిది గాజువాక వైపు ఒక షోరూమ్‌లో ఆరేళ్ళు సేల్స్‌లో చేశాడు. వాడు కూర్చోబెట్టి చెప్పాకే లోపలి లెక్క నాకు అర్థమైంది. ఎక్స్‌షోరూమ్ ధర కార్ల కంపెనీ వేస్తుంది, అందులో జీఎస్టీ కలిసే ఉంటుంది. డీలరు దాన్ని పైకి పెంచలేడు. ఆ ధరలో డీలరుకి మిగిలే మార్జిన్ వందకి నాలుగైదు రూపాయలేనట, చిన్న కార్ల మీద ఇంకా తక్కువట. అందులోనే షోరూమ్ అద్దె, జీతాలు, స్టాక్ కోసం బ్యాంకులో తెచ్చిన అప్పుకి వడ్డీ గడవాలి. కాబట్టి అసలు సంపాదన ఎక్స్‌షోరూమ్ కింద రాసే లైన్లలోంచి తీస్తారు: ఇన్సూరెన్స్ మీద కమిషన్, లోన్ మీద బ్యాంకు ఇచ్చే కమిషన్, యాక్సెసరీల మీద లాభం, కోటింగులు, ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఎగ్జిక్యూటివ్‌కి ఇన్సెంటివ్ కూడా ఎన్ని కార్లు అమ్మాడన్న దాని మీదే రాదు. ఒక్కో కారుతో పాటు ఎన్ని పాలసీలు, ఎంత యాక్సెసరీ, ఎన్ని లోన్లు చేయించాడన్నది కూడా చూస్తారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేకపోవడానికి కారణం ఇదే. కానీ మన డబ్బు మనం చూసుకోవాలి కదండీ.

గిరాకీ బాగా ఉన్న మోడల్ అయితే ఇంకో మెలిక ఉంది. కంపెనీ ఒక్కో డీలరుకి ఇన్ని బండ్లని అలాట్ చేస్తుంది. వెయిటింగ్ నెలల తరబడి ఉంటే అడిగినంత ఇచ్చేవాళ్ళూ ఉంటారు. ధర పెంచే వీల్లేదు గనక ఆ ఎక్కువ డబ్బు "ఈ కిట్ తీసుకుంటేనే బండి త్వరగా వస్తుంది" అన్న రూపంలో అడుగుతారు. మీ 24,000 కిట్ అలాంటిదే అయ్యుండొచ్చు. ముందు ఆ మోడల్‌కి వెయిటింగ్ ఎంత ఉందో వేరే షోరూమ్‌లో కనుక్కోండి.

ఇక ఇన్సూరెన్స్. మీకు ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే, తొందరపడకుండా చూడండి. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినది, ఎక్కడ కొన్నా ఒకటే. మేం కొన్నప్పుడు 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు కారుకి మూడేళ్ళకి 10,640 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. తేడా వచ్చేదంతా రెండో భాగంలో, అంటే మన కారుకి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, దానికి తగిలించే యాడ్ ఆన్లలో, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే రక్షణల్లో. మాకు షోరూమ్ వేసిన మొత్తం 46,800. అవే యాడ్ ఆన్లతో అదే బీమా కంపెనీ సొంత వెబ్‌సైట్లో చూస్తే 33,500. పదమూడు వేల పైచిలుకు తేడా.

పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఐడీవీ, అంటే కారు పోతే బీమా కంపెనీ లెక్కగట్టే విలువ, రెండు చోట్లా ఒకేలా ఉండాలి. కొత్త కారుకి అది ఎక్స్‌షోరూమ్‌లో 95 శాతం. మా కారుకి 7,98,000. మొదట నాకు ఆన్‌లైన్లో ఇంకా తక్కువ ప్రీమియం కనబడింది. సంబరపడి చూస్తే ఐడీవీ 7,20,000 పెట్టి ఉంది. అలాంటి చవక మనకొద్దు.

బయట పాలసీ తెస్తే ఇక్కడ క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా వర్క్‌షాప్‌కి కట్టడం) అవ్వదని మీకూ చెబుతారు. క్యాష్‌లెస్ అవ్వడం కాకపోవడం ఆ బీమా కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్న దాని మీద ఉంటుంది, పాలసీ ఎవరు అమ్మారన్న దాని మీద కాదు. కాబట్టి, "మీ సర్వీస్ సెంటర్‌కి ఏ ఏ కంపెనీలతో క్యాష్‌లెస్ ఉంది?" అని షోరూమ్‌లోనే అడిగి, ఆ జాబితాలోని కంపెనీ దగ్గరే నేరుగా తీసుకోండి. తమ దగ్గరే ఇన్సూరెన్స్ తీసుకోవాలని డీలరు బలవంతం చేయడానికి బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. అయితే బయట పాలసీకి ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ కావాలి. అవి ఆఖరి సాయంత్రం దాకా ఇవ్వకుండా నానబెడతారు. మాకు అదే జరిగింది. బుకింగ్ రోజే "అలాట్‌మెంట్ అయిన రోజు ఛాసిస్ నంబర్ ఇవ్వాలి" అని వాట్సాప్‌లో రాయించుకోండి.

యాడ్ ఆన్లు అన్నీ దండగ అని నేననను. జీరో డెప్, అంటే క్లెయిమ్‌లో మార్చిన భాగాలకి తరుగుదల కోత పెట్టని యాడ్ ఆన్, మొదటి మూడు నాలుగేళ్ళు ఉంచుకోండి. ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా మన ఊరికి పనికొస్తుంది. నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు లాగి పాడవుతుంది, మామూలు పాలసీ దానికి ఇవ్వదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళం, గట్టి వాన పడితే జ్ఞానాపురం వైపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం. ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మాత్రం మీకు అంత మొత్తానికి వేరే పాలసీ ఇప్పటికే ఉంటే మళ్ళీ కట్టక్కర్లేదు. అడగకపోతే ఎవరూ చెప్పరు.

హ్యాండ్లింగ్ ఛార్జీ సంగతి. పోర్టు నుంచో ఫ్యాక్టరీ నుంచో బండి షోరూమ్‌కి రావడానికయ్యే రవాణా ఖర్చు ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. డెలివరీకి ముందు కడిగి, చెక్ చేసి ఇవ్వడం డీలరు పని, దానికి కంపెనీ మార్జిన్ ఇస్తోంది. హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, డిపో, ఇన్సిడెంటల్ అని పేరేదైనా సరే, అలాంటి ఫీజు కొనేవాడు కట్టాలని ఏ చట్టంలోనూ లేదు. నోటితో వాదించకండి. "ఈ 12,000 ఏ నిబంధన కింద తీసుకుంటున్నారో మెయిల్‌లో చెప్పండి, హ్యాండ్లింగ్ పేరుతోనే జీఎస్టీ బిల్లు ఇవ్వండి" అని మెయిల్ పెట్టండి. మా పిన్నిగారి అమ్మాయి పోయిన ఏడాది ఇలాగే రాసింది. మర్నాడు వచ్చిన కొత్త కొటేషన్‌లో ఆ లైను లేదు.

కిట్‌లో ఏముందో ఒక్కో వస్తువుకి ధర అడగండి. మాకిచ్చిన దాంట్లో ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీట్ కవర్లు, కారు కవరు, ఒక పెర్ఫ్యూమ్ డబ్బా, ఒక కీ చైన్. మడ్ ఫ్లాప్‌లు, మ్యాట్లు కంపెనీవే తీసుకోండి, సరిగ్గా అతుకుతాయి. మిగిలినవి ఊళ్ళో కారు డెకార్ షాపుల్లో సగానికి దొరుకుతాయి. కోటింగ్ విషయంలో మన వైజాగ్ వాళ్ళని తేలిగ్గా ఒప్పిస్తారు, "సముద్రం గాలి సార్, తుప్పు పట్టేస్తుంది" అంటారు. గాలి నిజమే. బీచ్ రోడ్డులో బయట పెట్టే బళ్ళు చూస్తే తెలుస్తుంది. కానీ పైన రంగు మీద పూసే టెఫ్లాన్ మెరుపు కోసం, అది అడుగున తుప్పు ఆపదు. ఉప్పు గాలికి పనికొచ్చేది బండి కింద వేసే అండర్‌బాడీ కోటింగ్. అది కూడా కంపెనీ ముందే వేసిందో లేదో అడిగి, లేకపోతేనే వేయించుకోండి. నేను కట్టిన 11,500 పైపూతకి. మూడో వానాకాలానికి ఆ మెరుపు లేదు.

ప్రభుత్వానికి పోయే లైన్లతో బేరం లేదు. లైఫ్ ట్యాక్స్ ధర శ్లాబుని బట్టి పడుతుంది, మా చిన్న కారుకే లక్ష దాటింది. మీ మూడు లక్షల్లో పెద్ద ముక్క అదే. కారుకి రిజిస్ట్రేషన్ ఫీజు 600, లోన్ ఉంటే హైపోథికేషన్ (కారు బ్యాంకు తాకట్టులో ఉందన్న) నమోదుకి 1,500. ఇంకా చిన్నవి కొన్ని ఉండొచ్చు. ఇవన్నీ రవాణా శాఖ రసీదుల్లో కనబడతాయి, ఆ రసీదులు అడిగి తీసుకోండి. "ఆర్టీఓ ఖర్చులు" అని వేలల్లో గుండుగుత్తగా రాస్తే విడదీయమనండి. నంబర్ ప్లేటుకి వేరే లైను వేస్తే దేనికని అడగండి, 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బళ్ళకి హై సెక్యూరిటీ ప్లేట్లు కంపెనీయే బండితో పాటు ఇవ్వాలి. మీ కారు పది లక్షలు దాటింది గనక ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడు మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను ఉంటుంది, సుమారు 10,600. అది పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వెనక్కి వస్తుంది. పాన్ నంబర్ సరిగ్గా రాశారో లేదో చూడండి.

డిస్కౌంట్లు కూడా షోరూమ్ మేనేజర్ మనసుని బట్టి రావు. నెల నెలా కంపెనీ ఇచ్చే స్కీము ఉంటుంది, దాని మీద డీలరు తన మార్జిన్‌లోంచి కొంత వదులుకుంటాడు. ఆ వదులుకోవడాన్ని కూడా కంపెనీలు కట్టడి చేస్తాయన్న ఆరోపణ ఉంది. అలా డీలర్ల డిస్కౌంట్లకి హద్దు పెట్టిందని కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకికి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది, కంపెనీ అప్పీలుకి వెళ్ళింది. మనకి పనికొచ్చేది యార్డులో నిలవున్న బండి. దాని మీద డీలరు రోజూ వడ్డీ కడుతుంటాడు. అందుకే నెలాఖరులో, మార్చిలో, ఆషాఢంలో మాట వింటారు. ఆషాఢంలో బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకుంటే మీ పెద్దవాళ్ళకీ అభ్యంతరం ఉండదు. కాకపోతే డబ్బు కట్టేముందు బండి ఏ నెలలో తయారైందో చూసుకోండి. పాత నెల బండి అయితే తగ్గింపు ఎక్కువ అడగండి. పీఎస్‌యూ (ప్రభుత్వ రంగ సంస్థల) ఉద్యోగులకి కార్పొరేట్ డిస్కౌంట్ ఉంటుంది. మేం నాన్నగారి ఐడీ కార్డు చూపించి అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఇంట్లో స్టీల్ ప్లాంట్, హెచ్‌పీసీఎల్, పోర్టు వాళ్ళెవరైనా ఉంటే అడగండి.

లోన్ గురించి ఒక్క మాటే. షోరూమ్‌లో కూర్చున్న బ్యాంకు మనిషి చెప్పిన వడ్డీని మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకు వడ్డీతో పోల్చండి, ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపి.

మీరు ఇంకా బుకింగ్ కట్టలేదన్నారు, అది మంచిదైంది. డెలివరీ తేదీ, ముహూర్తం షోరూమ్‌లో ముందే చెప్పకండి. వేరే షోరూమ్ నుంచి కూడా అదే మోడల్‌కి లైను లైనుగా లెటర్‌హెడ్ మీద కొటేషన్ తీసుకోండి. బుకింగ్ రద్దయితే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో రసీదు మీద రాయించుకోండి. మొండికేస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకుని, దాన్ని మీ మెయిల్‌లో రాయండి.

రెండు కొటేషన్లూ వచ్చాక పేరు, ఫోన్ నంబర్ కనబడకుండా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఇన్సూరెన్స్ పేజీ తప్పకుండా ఉండాలి, అందులో ఐడీవీ, యాడ్ ఆన్ల పేర్లు చదవడానికి వీలుగా. కూర్చుని ఒక్కో లైనూ చూసి చెబుతాను.